పాట్స్‌లో ఊపిరి చాలనట్టు ఉండటం: నాకు పనిచేసింది ఇది

నాకు పాట్స్ (POTS) అనే సమస్య ఉంది. లేచి నిలబడితే పది నిమిషాల్లోపే గుండె వేగం ముందున్నదానికంటే నిమిషానికి 30కి పైగా పెరుగుతుంది, బీపీ మాత్రం పడిపోదు. దానికి తోడు గాలి చాలట్లేదన్న బాధ, వేళ్ళలో తిమ్మిరి, కళ్ళు తిరగడం.

ఇన్‌హేలర్, ఐరన్ మాత్రలు, కపాలభాతి, గట్టిగా ఊపిరి పీల్చడం, అన్నీ అయ్యాయి. చివరి రెండింటితో ఇంకా ఎక్కువైంది.

ఎందుకో ఫిజియోథెరపిస్టు చెప్పారు. అతిగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. అంటే నేను గాలి కోసం పెనుగులాడినకొద్దీ తల ఇంకా తిరిగేది.

అందుకే నెమ్మదిగా ఊపిరి తీసే సాధన మొదలుపెట్టాను. మొదట పడుకునే చేశాను. మోకాళ్ళ కింద దిండు, ఒక చెయ్యి ఛాతీ మీద, ఇంకోటి పొట్ట మీద. నోరు మూసి, ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి. పొట్ట మీది చెయ్యే లేవాలి. ఊపిరి నెమ్మదిగా, చిన్నగా ఉండాలి, నిండా పీల్చకూడదు. నేను ఇన్నాళ్ళూ తప్పు చేసింది ఇక్కడే. మధ్యలో పెద్ద నిట్టూర్పు తన్నుకొస్తుంది. అప్పుడు ఉమ్మి మింగి, మళ్ళీ లెక్క మొదలుపెట్టాలి. మొదటి వారం ఇదే కష్టం.

రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు. రెండు వారాలయ్యాక కూర్చుని, తర్వాత గోడకు ఆనుకుని నిలబడి.

గుండె వేగం ఇప్పటికీ పెరుగుతుంది. డాక్టరు చెప్పిన ఉప్పు, నీళ్ళు, బిగుతు సాక్సులు మానలేదు. అందరికీ పనిచేస్తుందనలేను. ఆయాసానికి గుండె, ఊపిరితిత్తులు, రక్తహీనత కారణం కాదని ముందు తేల్చుకోండి. నాకైతే తిమ్మిరి పోయింది, స్టూలు లేకుండా స్నానం చేస్తున్నాను.