డెనోసుమాబ్ ఇంజెక్షన్ తేదీ దాటనివ్వకండి

పోయిన నెల మా పెద్దమ్మ మంచం మీద దుప్పటి సర్దబోయి వంగింది. మళ్లీ నిటారుగా నిలబడలేకపోయింది. పడలేదు, దెబ్బా తగల్లేదు. ఎక్స్‌రే తీస్తే మూడు వెన్నుపూసలు నలిగిపోయి ఉన్నాయి. ఫైలు తిరగేస్తే, ఎముకలు గుల్లబారే జబ్బుకు (ఆస్టియోపొరోసిస్‌కు) ఆరు నెలలకోసారి వేయించుకోవాల్సిన డెనోసుమాబ్ ఇంజెక్షన్ వేయించుకుని పదకొండు నెలలైంది. "రిపోర్టు బాగానే ఉందని ఊరుకున్నానమ్మా" అంది.

నడవండి, క్యాల్షియం తీసుకోండి లాంటివి మీకు అందరూ చెప్పే ఉంటారు. నేను తేదీ గురించే చెప్తాను.

పాత ఎముకను ఆస్టియోక్లాస్ట్ కణాలు కరిగిస్తుంటాయి, ఆ గుంటల్ని ఆస్టియోబ్లాస్ట్‌లు కొత్త ఎముకతో పూడుస్తుంటాయి. కరిగించే కణాలు తయారవ్వాలంటే వాటికి రాంక్ లైగాండ్ అనే కబురు అందాలి. దాన్ని ఎక్కువగా పంపేవి ఎముకలోనే ఉండే ఆస్టియోసైట్‌లు. కబురు మితిమీరకుండా ఆస్టియోప్రొటెజెరిన్ అనే ప్రొటీన్ దాన్ని దారిలోనే పట్టేస్తుంది. ముట్లు ఆగి ఈస్ట్రోజన్ తగ్గాక ఈ తూకం చెడుతుంది. స్టెరాయిడ్లు వాడినా చెడుతుంది. డెనోసుమాబ్ కూడా ఆ కబురునే పట్టి ఆపుతుంది.

కబురు ఆగినంత మాత్రాన దాన్ని అందుకునే కణాలన్నీ చచ్చిపోవు. రాంక్ లైగాండ్‌ను అడ్డుకుంటే ఆస్టియోక్లాస్ట్‌లు చిన్న కణాలుగా విడిపోయి పోగుపడతాయని, అడ్డు తీసేయగానే మళ్లీ కలిసిపోతాయని 2021లో ఎలుకల్లో చూశారు. ఇదే జబ్బుకు వాడే అలెండ్రోనేట్ లాంటి మందులు ఎముకకు అంటుకుని ఏళ్ల తరబడి ఉంటాయి. డెనోసుమాబ్ అలా ఉండదు. దాని పట్టు వదలగానే ఎముక కరగడం మందు మొదలుపెట్టక ముందుకన్నా జోరుగా సాగుతుంది. ఏళ్లపాటు కూడిన ఎముక ఏడాది రెండేళ్లలో పోతుంది. వెన్నుపూసలు ఒకటి కాదు, వరసగా విరగొచ్చు.

అందుకే ఆరు నెలలంటే ఆరు నెలలే. ఎంత ఆలస్యమైనా ఏడో నెల దాటకూడదు.

మానేయాల్సి వస్తే ఊరికే మానేయకండి, మరో మందుకు మారండి. జోలెడ్రోనిక్ యాసిడ్‌ ఇవ్వాలా, అలెండ్రోనేట్ ఇవ్వాలా, ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది డాక్టరు చెప్తారు. తర్వాతి డోసు తేదీ రాకముందే అడగండి.

ఇంజెక్షన్‌కు ముందు క్యాల్షియం, విటమిన్ డి పరీక్షలు చేయించండి. కిడ్నీ జబ్బు ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు క్యాల్షియం ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోవచ్చు. వేళ్లలో, పెదవుల చుట్టూ తిమ్మిరి వస్తే, కండరాలు పట్టేస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. పన్ను తీయించుకునే ముందు ఈ మందు వాడుతున్నారని డెంటిస్టుకు చెప్పండి, దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. అలాగని పన్ను కోసం మీ అంతట మీరు డోసు వాయిదా వేయకండి. స్కాన్ బాగుందని ఆపకండి. నొప్పి లేదని ఆపకండి. ఊరెళ్లే పని ఉంటే డోసు సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోండి. డోసు తప్పాక కొత్తగా నడుం నొప్పి వస్తే మాలిష్ వద్దు, ఎక్స్‌రే తీయించండి. తేదీ ఇప్పటికే దాటిపోయిందా? తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఈ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఈ ఇంజెక్షన్ వాడుతుంటే వాళ్ల జ్ఞాపకం మీద వదిలేయకండి, ఫైలు తీసి చివరి డోసు తేదీ మీరే చూడండి.