గాలం పాఠాలు – 3: లోతు కొలవడం, బెండును చదవడం

పోయిన పాఠంలో కర్రకు నైలాన్ దారం, బెండు (నీళ్ల మీద తేలేది), గుండు (దారానికి చిన్న బరువు), గాలం కట్టుకున్నాం. రీలు లేదు, దారం పొడవు కర్ర అంతే. ఇంత దగ్గర్లో చేపలు పడతాయా అని అనుమానం వస్తుంది. పడతాయి. మొక్కల మీది పురుగులు రాలేది గట్టు పక్కనే, చేపపిల్లలు దాక్కునే నాచు ఉండేది కూడా అక్కడే. తిండి ఉన్న చోటికి చేప రాక మానదు. దూరం విసరగలిగేవాళ్లు చాలామంది ఈ ఒడ్డునే దాటేసి వేస్తారు.

ఇక అసలు పని. ఎర అడుగున ఉందా, మధ్యలో వేలాడుతోందా తెలియకుండా కూర్చుంటే రోజంతా వృథా. గాలానికి కాస్త బరువైన నట్టు తగిలించి, వేయదలచిన చోట నీళ్లలో వదలండి. దారం బిగపట్టకండి. బెండు పూర్తిగా మునిగిపోతే, బెండుకీ గాలానికీ మధ్య దారం చాలలేదని అర్థం. బెండును కర్ర వైపు జరపండి. బెండు నీళ్ల మీద పడుకుంటే దారం ఎక్కువైంది, గాలం వైపు దించండి. బెండు నిటారుగా నిలబడి కొన మాత్రం పైకి కనిపించినప్పుడు మీకు లోతు దొరికినట్టే. ఇప్పుడు గాలాన్ని కర్ర మొదలుకు ఆనించి దారాన్ని కర్ర వెంట పట్టుకోండి. బెండు ఎక్కడికి వచ్చిందో అక్కడ కర్రకు గుర్తుగా ఒక దారం ముక్క చుట్టండి. తర్వాత బెండు జారినా మళ్లీ కొలవక్కర్లేదు.

నట్టు తీసేసి ఎర పెట్టండి. గాలానికి నాలుగు వేళ్ల పైన ఒక చిన్న గుండు ఉంచి, అది అడుగున ఆనేలా సర్దండి. సీసపు గుండు దొరికినా వద్దు. తెగి నీళ్లలో పడిన చిన్న సీసపు గుండ్లను నీటిపక్షులు గులకరాళ్లనుకొని మింగి విషంతో చస్తాయి. ఇంగ్లాండులో 1987లోనే వీటిని నిషేధించారు.

బెండు టకటకా ఊగుతుంటే చిన్న చేపలు పొడుస్తున్నాయి, చెయ్యి కదపకండి. బెండు పక్కకి నడుస్తూ మునుగుతుంటే చేప ఎర నోట పెట్టుకొని పోతోంది, ఎత్తండి. వీటికంటే ముఖ్యమైనది మూడోది: బెండు మునగదు, పైకి లేచి పడుకుంటుంది. అడుగున మేసే చేప ఎరతో పాటు గుండును కూడా ఎత్తడంతో, బెండును కిందికి లాగే బరువు పోయింది, అంతే. నేను మొదట్లో ఇది చూసి దారం చిక్కుపడిందనుకొని, తీరిగ్గా సర్దబోయేవాడిని. బయటికి తీస్తే ఎర ఉండేది కాదు. ఇలా మూడుసార్లయ్యాక గానీ బుర్రకెక్కలేదు! బెండు పడుకోగానే ఎత్తాలి. చెయ్యి మొత్తం ఊపొద్దు, మణికట్టు తిప్పితే చాలు. గట్టిగా గుంజితే చేప పెదవి చీలిపోతుంది.

ఇంకొకటి. నిలబడకండి, కూర్చోండి. నీటి ఉపరితలం దగ్గర వెలుగు వంగడం వల్ల, కింద నుంచి చూసే చేపకు నీటి మట్టానికి దగ్గరగా ఉన్నది అంచున నలిగి చిన్నగా కనిపిస్తుంది. నిలబడ్డ మనిషి బాగానే కనిపిస్తాడు. అడుగుల చప్పుడును కూడా చేప ఒంటి పక్కనున్న గీతతో పసిగడుతుంది, కాబట్టి గట్టు మీద దబదబా నడవకండి.

ఈ వారం పని: గాలం లేకుండా, ఉత్త నట్టు కట్టి, ఒకే ఒడ్డున అయిదు చోట్ల లోతు కొలిచి కాగితం మీద గీసుకోండి. ఎక్కడో ఒక చోట హఠాత్తుగా లోతు పెరుగుతుంది. ఆ అంచును గుర్తు పెట్టుకోండి, వచ్చే పాఠంలో మొదటి ఎర అక్కడే వేస్తాం. దానికి వానపాములు కావాలి. తడి మట్టి పోసిన డబ్బా సిద్ధం చేసుకోండి, మూతకు చిల్లులు మరిచిపోవద్దు.