షాపుకో వెబ్‌సైట్ – 3వ పాఠం: హోమ్‌పేజీలో మొదటి తెర

పోయిన పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. వారం పాటు షాపుకు వచ్చే ప్రతి ఫోన్‌లో మొదటి ప్రశ్న ఏమిటో, అడిగినవాళ్ల మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. ఆ నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి, ఈ పాఠమంతా దానితోనే పని. రాయనివాళ్లు ముందు ఆ పని పూర్తి చేసుకుని రండి. అది లేకుండా కూర్చుంటే హోమ్‌పేజీలో మళ్లీ 'నాణ్యతే మా నినాదం' అనే రాస్తారు.

ఫోన్‌లో పేజీ తెరవగానే, వేలితో పైకి జరపకముందు కనిపించేంత భాగాన్ని మొదటి తెర అందాం. కొత్తగా వచ్చిన మనిషి ఉండాలా, వెనక్కి పోవాలా అని తేల్చుకునేది ఎక్కువగా అక్కడే. అందుకే ఈ పాఠంలో ముప్పాతిక భాగం దానికే కేటాయించాను.

నేర్చుకోవడానికి ఒక షాపు ఊహించుకుందాం. నెల్లూరులో ఆత్మకూరు బస్టాండ్ దగ్గర, రొయ్యల చెరువులకు ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) అమ్మి, రిపేరు చేసే షాపు. ఇప్పుడు వాళ్ల హోమ్‌పేజీ తెరిస్తే ఏముంటుంది? పైన కుడి నుంచి ఎడమకు పరుగెత్తే అక్షరాల్లో 'మా వెబ్‌సైట్‌కు స్వాగతం'. కింద నాలుగు సెకన్లకొకటి మారే ఐదు బొమ్మలు. అందులో ఒకటి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నవ్వుతున్న విదేశీ అమ్మాయిది. ఆ కింద 'వినియోగదారుల సంతృప్తే మా లక్ష్యం, ఎన్నో ఏళ్ల అనుభవం, అత్యుత్తమ సేవలు'. ఫోన్ నంబరు అట్టడుగున, అదీ బ్యానర్ బొమ్మలో కలిసిపోయి ఉంటుంది.

ఈ పేజీ చూసే మనిషి ఎవరో ఆలోచించండి. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజాముకు ముందు. పగలు ఆక్సిజన్ వదిలే నాచే రాత్రి దాన్ని పీల్చుకుంటుంది, రొయ్యలూ పీల్చుకుంటాయి, చెరువు అడుగున కుళ్లే చెత్తా లాగేసుకుంటుంది. సరిగ్గా ఆ వేళకి ఏరేటర్ ఆగిపోతే రైతు ప్రాణం గిలగిల్లాడుతుంది. చెరువు కట్ట మీద ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని వెతుకుతుంటాడు. మీ నోట్‌బుక్‌లో ఆయన మాట ఇలా ఉంటుంది: "అన్నా, ఏరేటర్ తిరగడంలా. మోటరు మూలుగుతా ఉంది. ఇప్పుడు మనిషిని పంపిస్తారా?"

ఆయన అడిగింది ఒక్కటే. మనిషి వస్తాడా, రాడా? స్వాగతాలు, నినాదాలు, లక్ష్యాలు ఆయనకు అడ్డం.

తలవాక్యం

ఒక చిన్న పరీక్ష చెబుతాను. మీ హోమ్‌పేజీలో పెద్దక్షరాల వాక్యాన్ని తీసుకెళ్లి పక్క వీధిలో బంగారం షాపు బోర్డు మీద రాసినా నప్పుతుందా? నప్పితే దాన్ని కొట్టేయండి. 'నమ్మకానికి మారుపేరు' బంగారం షాపుకూ నప్పుతుంది, చిట్‌ఫండ్ కంపెనీకీ నప్పుతుంది, కంటి ఆసుపత్రికీ నప్పుతుంది. 'ఏరేటర్ ఆగిపోయిందా? చెరువు దగ్గరికే వచ్చి బాగుచేస్తాం' అన్న మాట ఈ షాపుకు తప్ప ఇంకెవరికీ నప్పదు.

ఆ వాక్యం కింద ఎక్కడెక్కడికి వెళ్తారో చెప్పాలి. 'జిల్లా అంతటా' అని రాస్తే ఎవరూ నమ్మరు. 'ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు మండలాలు' అని పేరుపేరునా రాయండి. మనిషి తన మండలం పేరు చూసుకోగానే కుదుటపడతాడు. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఫలానా ఊళ్లో ఏరేటర్ రిపేరు అని గూగుల్‌లో వెతికినప్పుడు మీ పేజీలో ఆ ఊరి పేరు ఉంటేనే కదా దొరికే అవకాశం.

మూడోది వేళలు. రాత్రి ఫోన్ ఎత్తుతారా? ఎత్తితేనే 'రాత్రి కూడా ఫోన్ ఎత్తుతాం' అని రాయండి. తొమ్మిదికి షట్టర్ దించి, ఫోన్ సైలెంట్‌లో పెట్టేవాళ్లు 'ఉదయం 7 నుంచి రాత్రి 9 వరకు' అని ఉన్నదున్నట్టు రాయాలి. '24 గంటల సేవ' అని రాసి రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తకపోతే, ఆ రైతు జన్మలో మీ గడప తొక్కడు. పైగా పక్క చెరువుల వాళ్లందరికీ చెబుతాడు.

నాలుగోది బటన్లు. రెండు చాలు: 'ఫోన్ చేయండి', 'ఏరేటర్ వీడియో వాట్సాప్ చేయండి'. ఫోన్ బటన్ నొక్కితే నేరుగా డయల్ కావాలి. నంబరును బొమ్మలో కలిపేసినవాళ్లు చాలామంది ఉన్నారు. అలా ఉంటే చూసే మనిషి అంకెలు గుర్తుపెట్టుకుని ఒక్కొక్కటీ కొట్టుకోవాలి, చీకట్లో తడిచేతులతో. వెబ్‌సైట్ తయారుచేసే టూల్‌లో బటన్‌కు లింక్ ఇచ్చే గడి ఉంటుంది. అక్కడ ఇంగ్లిష్ అక్షరాల్లో టి-ఈ-ఎల్, తర్వాత కోలన్, ప్లస్ 91, మీ పదంకెల నంబరు రాస్తే చాలు.

వాట్సాప్ బటన్‌కైతే ఆ గడిలో ముందు హెచ్‌టీటీపీఎస్, కోలన్, రెండు స్లాష్‌లు, ఆ వెంటే డబ్ల్యూ-ఏ డాట్ ఎం-ఈ, ఒక స్లాష్, తర్వాత 91, దాని వెంటే మీ నంబరు. ఇక్కడ మాత్రం ప్లస్ గుర్తు పెట్టకూడదు. ముందు సున్నా, మధ్యలో ఖాళీలు, గీతలు కూడా ఉండకూడదు. ఈ లింక్‌కు ముందే రాసి పెట్టిన మెసేజీని కూడా తగిలించవచ్చు. నొక్కగానే రైతు ఫోన్‌లో 'వెబ్‌సైట్ చూసి రాస్తున్నాను. మా ఊరు: ' అని సిద్ధంగా ఉంటుంది, ఆయన ఊరు పేరు రాసి పంపితే సరిపోతుంది. మీ సైట్ చేసిన కుర్రాడికి చెప్పండి, పెద్ద పనేం కాదు. దాని ఉపయోగం పాఠం చివర్లో చెబుతాను.

'సంప్రదించండి' అని ఏడు గడుల ఫారం పెట్టినవాళ్లు దాన్ని ఈరోజే తీసేయండి. చెరువు కట్ట మీద నిలబడి ఈమెయిల్, పిన్‌కోడ్, విషయం, సందేశం ఎవరు నింపుతారు?

మారే బొమ్మలు, బరువైన ఫొటోలు

ఇలా ఒకదాని తర్వాత ఒకటి మారే బొమ్మల వరసను స్లైడర్ అంటారు. దాని మీద మనవాళ్లకు మోజెక్కువ. ఐదు బొమ్మలు పెడితే ఐదు విషయాలు చెప్పినట్టేనని ఒక లెక్క. అమెరికాలో నోటర్ డామ్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌ను నడిపిన వెబ్ డెవలపర్ 2013లో తన లెక్కలు బయటపెట్టాడు. హోమ్‌పేజీ చూసినవాళ్లలో స్లైడర్ మీద నొక్కింది నూటికి సుమారు ఒక్కరు. ఆ నొక్కినవాళ్లలోనూ అత్యధికులు మొదటి బొమ్మ మీదే నొక్కారు. యూనివర్సిటీ సైట్ వేరు, మన షాపు వేరు, ఒప్పుకుంటాను. అయినా రెండో బొమ్మ వచ్చేదాకా ఎదురుచూసే ఓపిక మన రైతుకు అక్కడి విద్యార్థుల కంటే ఎక్కువ ఉంటుందని నేననుకోను.

ఒక్క ఫొటో పెట్టండి. మీ మెకానిక్ మోకాలి లోతు నీళ్లలో నిలబడి గేర్‌బాక్స్ విప్పుతున్న ఫొటో, మీ ఫోన్‌తో తీసిందే. కాస్త మసగ్గా ఉన్నా పర్వాలేదు. విదేశీ అమ్మాయి నవ్వు కంటే అది వంద రెట్లు నయం.

కానీ ఫోన్‌లో తీసిన ఫొటో ఒక్కోటి మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. అలాగే ఎక్కిస్తే సిగ్నల్ సరిగా లేని చోట పేజీ తెరుచుకోదు. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి, వెబ్‌పీ (ఫొటో బరువు తగ్గించే ఫైల్ రకం)లో సేవ్ చేస్తే సాధారణంగా 200 కేబీ లోపుకు వస్తుంది. గూగుల్ వాళ్ల 'స్క్వూష్' అనే ఉచిత సైట్‌లో బ్రౌజర్‌లోనే ఈ పని అయిపోతుంది. తర్వాత గూగుల్ 'పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్'లో మీ సైట్ అడ్రస్ ఇచ్చి చూడండి. పేజీలో ప్రధానమైన బొమ్మో, అక్షరాలో 2.5 సెకన్లలోపు కనిపిస్తే బాగున్నట్టు అని గూగుల్ లెక్క. షాపులో వైఫై మీద చూసి మురిసిపోవద్దు. మైపాడు వైపు వెళ్లినప్పుడు వైఫై లేకుండా మొబైల్ డేటా మీద తెరిచి చూడండి.

తెలుగు అక్షరాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. చాలామంది కరపత్రం చేసిన డీటీపీ షాపు నుంచే మ్యాటర్ తెచ్చుకుంటారు. అను ఫాంట్లలో కొట్టిన ఆ మ్యాటర్ యూనికోడ్ కాదు, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలో లేదు. వెబ్‌సైట్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. దానికి మందుగా కరపత్రాన్నే బొమ్మగా మార్చి పెట్టేస్తారు. చూడ్డానికి తెలుగే, కానీ మీరు వాక్యంలో రాసిన మండలాల పేర్లను గూగుల్ పట్టుకున్నంత బాగా బొమ్మలో ఉన్నవాటిని పట్టుకోదు. చూపు మందగించినవాళ్లకు చదివి వినిపించే యాప్‌కూ అవి అందవు. ఫోన్‌లో గూగుల్ కీబోర్డుతో మళ్లీ కొట్టండి. మొదటి తెరలో ఉండేది ఐదు వాక్యాలేగా, పది నిమిషాల పని.

ధర రాయాలా?

ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేచి అడిగే ప్రశ్న ఇది. 'రాస్తే పక్క షాపువాడు చూసి వంద తగ్గిస్తాడు సార్' అంటారు. పక్క షాపువాడికి మీ రేటు ఎప్పుడో తెలుసు, వాళ్ల బావమరిదితో ఒక ఫోన్ చేయించుకున్నా తెలిసిపోతుంది. తెలియనిదల్లా కొనే మనిషికే. కొత్త ఏరేటర్ ధర బ్రాండును బట్టి, మోటరు హెచ్‌పీని (హార్స్‌పవర్) బట్టి మారుతుంది కాబట్టి అది రాయడం కష్టమే. చెరువు దగ్గరికి రావడానికి విజిటింగ్ ఛార్జి ఎంతో, అది ఎన్ని కిలోమీటర్ల దాకానో, రిపేరు చేయిస్తే అందులోంచి తగ్గిస్తారో లేదో రాయడానికి అడ్డేముంది? నా మట్టుకు నేను రాయమనే చెబుతాను. ఛార్జి చూసి ఫోన్ చేసినవాళ్లు బేరమాడేది తక్కువ.

మొదటి తెర దాటాక వరస ఎలా ఉన్నా పెద్ద నష్టం లేదు. చేసే పనులు, ఫొటోలు, ఓనరు పేరు, దారి తెలిసేలా గుర్తుతో సహా అడ్రస్, మ్యాప్ లింక్, జీఎస్టీ నంబరు ఉంటే చాలు. ఆ 15 అక్షరాల నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి షాపు నిజమైనదో కాదో ఎవరైనా చూసుకోవచ్చు. రైతుల అభిప్రాయాలు పెట్టాలనుకుంటే వాళ్లను అడిగి, వాళ్ల ఊరి పేరుతో పెట్టండి. సొంతంగా కల్పించి రాస్తే ఇట్టే దొరికిపోతారు. ఇక్కడ అందరూ అందరికీ తెలిసినవాళ్లే.

ఇదే పేజీ చీమకుర్తికి పనికిరాదు

పైన చెప్పిందంతా తొందరలో ఉన్న కస్టమర్ కోసం. చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ పలకలు అమ్మే షాపుకు రాత్రి రెండింటికి ఫోన్ చేసేవాళ్లు ఉండరు. అక్కడ చూసేది బెంగళూరు బిల్డరో, బయటి దేశపు దిగుమతిదారో. ఆయన నాలుగు షాపుల పేజీలు పక్కపక్కన తెరిచి నింపాదిగా పోల్చుకుంటాడు. కాబట్టి మొదటి తెర ఇంగ్లిష్‌లో ఉండాలి. పలక కొలతలు, మందం 2 సెంటీమీటర్లా 3 సెంటీమీటర్లా, పాలిష్ రకం, ఇప్పుడు యార్డులో ఎంత సరుకుందో కనిపించాలి. నల్లరాయి మీద బంగారు చుక్కలు ఎంత దట్టంగా ఉన్నాయన్నదే అక్కడ అసలు విషయం. అందుకని పగటి వెలుగులో, పలక మీద ఒక టేపు పరిచి దగ్గర నుంచి తీసిన ఫొటో పెట్టండి. బటన్ మీద 'ఈ లాట్ ఫొటోలు పంపమని అడగండి' అన్న అర్థం వచ్చేలా రాయండి. మీ షాపు ఈ రెంటిలో దేనికి దగ్గరో మీ నోట్‌బుక్కే చెబుతుంది.

ఈ వారం పని

ముందు కాగితం మీద ఐదు వాక్యాలు రాయండి: సమస్య, మీరు చేసేది, ఊళ్లు, వేళలు, బటన్ల మీది మాటలు. పేజీ మార్చాక ఐదుగురికి చూపించండి. వాడుకను పరీక్షించడానికి ఐదుగురు చాలని వెబ్‌సైట్ల వాడుక మీద పరిశోధన చేసే జాకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. పెద్ద తప్పుల్లో చాలావరకు వాళ్లతోనే బయటపడతాయి.

'పేజీ బాగుందా?' అని మాత్రం అడగొద్దు. మనవాళ్లు మొహమాటానికి 'బ్రహ్మాండంగా ఉంది బాబాయ్' అంటారు, అక్కడితో అయిపోతుంది. ఫోన్ చేతికిచ్చి ఐదు సెకన్లు చూడనిచ్చి, వెనక్కి తీసుకుని 'ఇది ఏం షాపు? ఏం చేస్తారంట?' అని అడగండి. తర్వాత మళ్లీ ఇచ్చి, 'నీ ఏరేటర్ ఆగిపోయిందనుకో, ఏం చేస్తావో చేసి చూపించు' అనండి. తర్వాత నోరు మెదపకుండా చూడండి. ఎక్కడ వేలు తడబడిందో అక్కడే మీ పని ఉంది. ఇంట్లోవాళ్లను లెక్కలోకి తీసుకోవద్దు, వాళ్లకు షాపు సంగతి ముందే తెలుసు.

ఫలితం తెలుసుకోవడానికి పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్లేవీ అక్కర్లేదు. రోజుకు పాతికమంది చూసే పేజీకి రెండు రకాల డిజైన్లు పెట్టి పోల్చడం దండగ, ఆ కొద్దిమందితో ఏదీ తేలదు. వాట్సాప్ బటన్‌కు తగిలించిన 'వెబ్‌సైట్ చూసి రాస్తున్నాను' అన్న మాట ఇక్కడ అక్కరకొస్తుంది. ఆ మాటతో వచ్చిన మెసేజీలు లెక్కబెట్టుకుంటే చాలు. ఫోన్ చేసినవాళ్లను 'మా నంబరు ఎక్కడ దొరికింది?' అని అడిగి అదే నోట్‌బుక్‌లో గీతలు పెట్టండి. తలవాక్యం, ఫొటో, ధర మూడూ ఒకేసారి మార్చితే దేనివల్ల ఫోన్లు పెరిగాయో తెలియదు. రెండు వారాలకు ఒకటి చొప్పున మార్చండి. ఏరేటర్ షాపైతే పట్టుబడులు అయిపోయి చెరువులు ఎండగట్టే రోజుల్లో లెక్క తీయొద్దు, ఆ రోజుల్లో ఎవరికైనా ఫోన్లు తగ్గుతాయి.

వచ్చే పాఠం గూగుల్ మ్యాప్‌లో షాపును నమోదు చేయడం గురించి. దానికోసం ఎండ బాగా ఉన్నప్పుడు రోడ్డుకు అవతల నిలబడి, బోర్డు మొత్తం కనిపించేలా షాపు ఫొటో ఒకటి తీసి ఉంచుకోండి. ముందు నిలిపిన బైకులు కాసేపు పక్కకు పెట్టించండి.