ఇంట్లో ప్రథమ చికిత్స – 5వ పాఠం: చిన్న ఎముక లోపలికి పోయినప్పుడు

కిందటి పాఠంలో ఊపిరాడనప్పుడు ఏం చేయాలో నేర్చుకున్నాం. ఈసారి మనిషి మాట్లాడుతున్నాడు, ఊపిరి బాగానే ఆడుతోంది, కానీ తింటూ తింటూ చేప ముల్లో, కోడి ఎముక పెచ్చో మింగేశాడు. వెంటనే ఎవరికైనా తోచేది దాన్ని ఎలాగోలా కిందికి నెట్టేయాలని. ఆ పని చేయకుండా, అదిప్పుడు ఎక్కడుందో కనిపెట్టడం ఈ పాఠంలో నేర్చుకుందాం.

పాత పాఠంలోంచి ఒక్క ముక్క మళ్లీ చెప్పక తప్పదు. గొంతు పెగలకపోయినా, దగ్గుకు శబ్దం రాకపోయినా, పెదాలు నీలంగా మారుతున్నా ఎముక ఊపిరిదారికి అడ్డం పడినట్టే. అంబులెన్స్‌కు ఫోన్ చేయించండి. ముందుకు వంచి రెండు భుజాల మధ్య వీపు మీద 5 దెబ్బలు వేయండి, తగ్గకపోతే పొట్ట పైభాగం మీద 5 సార్లు లోపలికీ పైకీ నొక్కండి, ఇలా మార్చి మార్చి చేయండి. ఏడాదిలోపు పిల్లలకూ నిండు గర్భిణులకూ పొట్ట జోలికి పోకుండా ఛాతీ మీద నొక్కాలి. గట్టిగా దగ్గగలుగుతుంటే మాత్రం దగ్గనివ్వండి, వీపు మీద కొట్టకండి.

ఎక్కడ ఆగుతుంది

చూపుడువేలు కంఠమణి (గొంతు ముందు ఉబ్బెత్తుగా తగిలే భాగం) మీద పెట్టి మెల్లగా కిందికి జార్చండి. చిన్న గుంట దాటాక గట్టిగా ఉంగరంలా ఒకటి తగులుతుంది. అన్నవాహిక మొదలయ్యేది సుమారుగా ఆ ఎత్తులోనే. దాని పొడవు 25 సెంటీమీటర్ల చిల్లర, అన్నిటికన్నా ఇరుకైన చోటు ఈ మొదలే. పెద్ద ఎముకలు ఎక్కువగా ఇక్కడే చిక్కుతాయి. సన్నటి ముళ్లు ఇంత దూరం కూడా రావు. టాన్సిల్‌లోనో, నాలుక మొదట్లోనో, దాని వెనక గుంటలోనో గుచ్చుకుంటాయి.

నొప్పి ఒక పక్కనే ఉందా, గుటక వేసిన ప్రతిసారీ సరిగ్గా అదే చోట పొడుస్తోందా అని అడగండి. అవునంటే ఎముక అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. గొంతంతా గీరుకుపోయినట్టు ఉండి, గంట గంటకూ తగ్గుతుంటే అది దాటిపోతూ చేసిన గీత కావచ్చు. ఆ గరగర ఒకటి రెండు రోజులు ఉంటుంది. ఒక జాగ్రత్త: మెడలో ఉంటే మనిషి చోటు బాగానే చూపించగలడు, ఛాతీలోకి దిగాక చూపించలేడు. "ఛాతీలో ఎక్కడో అడ్డంగా ఉంది" అంటే తేలిగ్గా తీసుకోవద్దు.

చూడటం, తీయడం

టార్చి వెలుగులో నోరు తెరిపించి, చెంచా కాడతో నాలుకను ముందు భాగంలో అదిమి "ఆ" అనమనండి. టాన్సిల్ మీద తెల్లటి దారపు ముక్కలా నిలబడి కనిపిస్తే, దాని కొస చక్కగా అందుతుంటే, చిన్న పట్టుకారుతో పట్టి గుచ్చుకున్న దిశలోనే వెనక్కి లాగండి. ఒక్క ప్రయత్నం చాలు. కనిపించనిదాని కోసం వేలు పెట్టి వెతికితే ముల్లు ఇంకా లోపలికి దిగుతుంది, లేదా విరిగి సగం కండలో మిగిలిపోతుంది. అప్పుడు డాక్టరుకూ దొరకడం కష్టం.

మెత్తటి ముద్దలు నమలకుండా మింగించడం అన్ని ఇళ్లలోనూ చేసేదే. వదులుగా ఉన్న ముల్లు దాంతో దిగొచ్చు, గుచ్చుకున్నది మాత్రం మరింత లోతుకు పోతుంది. ఇంకో చిక్కూ ఉంది. ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా ఉన్న గొట్టం పంపి చూసి తీయడం) అవసరమైతే కడుపు ఖాళీగా ఉండాలి, మత్తు ఇవ్వాలంటే ఘనాహారం తిన్నాక మామూలుగా 6 గంటలు ఆగుతారు. అందుకే నొప్పి ఒకే చోట నిలిచి ఉంటే తిండి ఆపేయండి. పులుపు తాగితే ఎముక కరుగుతుందన్నదీ నిజం కాదు. గొంతులో ఆ ద్రవం నిలిచేది క్షణాలే. వాంతి చేయించడం అసలు కూడదు, దిగినది మళ్లీ పైకి వస్తూ చీరుతుంది.

వెంటనే ఆసుపత్రికి

ఉమ్మి కూడా మింగలేక బయటికి కారుతుంటే, ఛాతీలోనో వీపు మధ్యలోనో నొప్పి ఉంటే, జ్వరం వస్తే, మెడ వాస్తే ఆగొద్దు. మెడ చర్మం నొక్కినప్పుడు వేళ్ల కింద చిటపటలాడితే అన్నవాహికకు చిల్లుపడి గాలి చర్మం కిందికి చేరిందని అర్థం. నోట్లోంచి కొంచెం రక్తం వచ్చి ఆగిపోయినా ధీమా పడకండి. పెద్ద రక్తనాళం దెబ్బతిన్న అరుదైన సందర్భాల్లో ముందు అలా కొద్దిగా వచ్చి, తర్వాత ఒక్కసారిగా ముంచేస్తుంది. యూరప్ ఎండోస్కోపీ నిపుణుల సంఘం 2016 మార్గదర్శకాల ప్రకారం అన్నవాహికలో చిక్కిన పదునైన వస్తువును వీలైతే 2 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 6 గంటల్లో తీయాలి.

గొంతులో గుచ్చుకున్నట్టుంటే ఈఎన్‌టీ డాక్టరు, ఇంకా కిందనైతే ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ అడగండి, సన్నటి ముళ్లు ఎక్స్‌రేకు తరచుగా అందవు. సీటీ స్కాన్‌లో చాలా మటుకు దొరుకుతాయి. ఎప్పుడు మింగారు, ఏ ఎముక, ఎంత పొడవు, ఆఖరుసారి ఎప్పుడు తిన్నారు అన్నవి కాగితం మీద రాసుకుని వెళ్లండి. పళ్లెంలో అలాంటి ఎముకే మరొకటి ఉంటే అదీ తీసుకెళ్లండి.

కడుపులోకి దిగాక

నొప్పి లేదు, నీళ్లు హాయిగా దిగుతున్నాయి. అయితే దాదాపు గండం గడిచినట్టే. సన్నటి ముల్లును కడుపులోని ఆమ్లం మెత్తబరుస్తుంది. మిగిలింది మలంతో పోతుంది, సాధారణంగా వారం లోపు. మామూలు భోజనం చేయండి, విరేచనాల మందు వేసుకోవద్దు. రెండు కొసలా పదునున్న ఎముకైనా, పొడుగాటిదైనా, మింగింది చిన్న పిల్లలైనా బాధ లేకపోయినా డాక్టరుతో మాట్లాడండి. కట్టుడుపళ్లు ఉన్నవాళ్లకు అంగిలి స్పర్శ తెలియదు కనుక ఎంత పెద్దది మింగారో వాళ్ల అంచనాను నమ్మలేం.

చిన్నపేగు పెద్దపేగును కలిసే చోటు, అంటే పొట్ట కుడివైపు కింద, ఎముక పొడిచే స్థలాల్లో ఒకటి. రోజుల తర్వాత అక్కడ నొప్పి, జ్వరం వస్తే అపెండిసైటిస్ అనుకునే ప్రమాదం ఉంది. ఎముక మింగిన సంగతి మీరే డాక్టరుకు చెప్పాలి. నల్లటి మలం, ఆగని వాంతులు, గట్టిపడిన పొట్ట కనిపించినా ఆసుపత్రికే.

అభ్యాసం

1. రాత్రి 9 గంటలకు ముల్లు మింగిన వ్యక్తికి ఉదయం 7 గంటలకు ఎడమవైపు ఒకే చోట పొడుస్తోంది, నీళ్లు దిగుతున్నాయి. టిఫిన్ పెట్టవచ్చా? ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలి?

2. కోడి ఎముక పెచ్చు మింగిన ఆరో రోజు పొట్ట కుడివైపు కింద నొప్పి. డాక్టరుకు చెప్పవలసిన మొదటి వాక్యం రాయండి.

జవాబులు 6వ పాఠం మొదట్లో ఉంటాయి. అందులో పిల్లలు మింగే బటన్ బ్యాటరీలు, అయస్కాంతాల గురించి చూద్దాం.