చేపిచ్చా, కుట్టిచ్చా అనేదానికి ఇంగ్లీషులో గెట్ ఎట్టా వాడాల

మన నెల్లూరు, ఒంగోలు పక్క పిల్లకాయలు ఇంగ్లీషు బాగానే మాట్లాడతారు, ఇంటర్వ్యూల్లో గూడా ధైర్యంగానే చెప్తారు, కానీ చానామంది ఒక్కచోట జారతారు. బండి రిపేరు చేపిచ్చా అని చెప్పబోయి ఐ రిపేర్డ్ మై బైక్ అంటారు. అంటే స్పానర్ పట్టుకోని నువ్వే బాగుచేసుకున్నావని అర్థం. అవతలోళ్ళు తప్పని కూడా అనరు, అట్టాగే నమ్మేస్తారు, అసలు ఇబ్బంది అదే.

మనకి ఈ తేడా చిన్నప్పటి నుంచీ నోట్లోనే ఉండాది. కుట్టా వేరు, కుట్టిచ్చా వేరు. రాసా వేరు, రాయిచ్చా వేరు. కాబట్టి కొత్తగా గ్రామర్ బట్టీ కొట్టే పనిలేదు, మనసులో అనుకున్న మాటలో ఆ 'ఇచ్చు' వినపడిందంటే గెట్ తీసుకోండి, దాని తర్వాత వస్తువు పేరు, చివర్లో పని మూడో రూపం, అంటే స్కూల్లో వీ3 అని చెప్తారే అది. జరిగిపోయిన పనైతే గాట్.

బ్లౌజు కుట్టిచ్చా, ఐ గాట్ మై బ్లౌజ్ స్టిచ్డ్. గుంట నీళ్ళు టెస్ట్ చేపిచ్చా, ఐ గాట్ ద పాండ్ వాటర్ టెస్టెడ్. రేపు పొలం కొలిపిస్తా, ఐ విల్ గెట్ మై ల్యాండ్ మెజర్డ్ టుమారో. హాల్లో చీమకుర్తి గ్రానైట్ వేపిచ్చాం, వి గాట్ చీమకుర్తి గ్రానైట్ లెయిడ్ ఇన్ ద హాల్. కటింగ్ చేపిచ్చుకున్నా, ఐ గాట్ మై హెయిర్ కట్, ఇక్కడ కట్‌కి మూడు రూపాలూ ఒకటే కాబట్టి మారదు.

వరస మాత్రం గట్టిగా పట్టుకోండి. ఐ గాట్ రిపేర్డ్ మై బైక్ అని చానామంది అంటారు, అది తప్పు, వస్తువు మధ్యలోనే ఉండాల. ప్రశ్న అడిగేటప్పుడు డిడ్ వచ్చేస్తే గాట్ మళ్ళీ గెట్ అయిపోద్ది: డిడ్ యు గెట్ యువర్ బైక్ రిపేర్డ్?

గెట్ బదులు హ్యావ్ పెట్టినా అర్థం అదే, కాస్త మర్యాదగా వినిపిస్తది, ఆఫీసు మెయిల్లో నేనైతే హ్యావే వాడమంటా. మనకి జరిగిన చెడుకి కూడా హ్యాడ్ వస్తది, ఐ హ్యాడ్ మై ఫోన్ స్టోలెన్ అంటే నేనే చెప్పి ఫోన్ దొంగతనం చేపిచ్చానని కాదు, ఎవరో కొట్టేసారని.

ఎవరిచేత చేపిచ్చావో చెప్పాలంటే దారి మారద్ది. ఐ గాట్ ద మెకానిక్ టు చెక్ ద బ్రేక్స్, ఇక్కడ టు ఉండాల. అదే హ్యాడ్ అయితే టు ఉండదు, ఐ హ్యాడ్ ద మెకానిక్ చెక్ ద బ్రేక్స్. మేడ్ అన్నారనుకోండి, అతనికి ఇష్టం లేకపోయినా బలవంతంగా చేపిచ్చినట్టు అయిపోద్ది, డబ్బులిచ్చి చేపిచ్చుకున్న పనికి అది వాడొద్దు.