కొత్త ఫ్లాట్‌లో దిగేవారికి గేటు సంగతులు

మియాపూర్‌లోని మా అపార్టుమెంట్లలో ఎవరు కొత్తగా దిగినా, అసోసియేషన్ సెక్రటరీగా నేను మొదట చెప్పే మాట ఒకటే: పాలు పొంగించడం అయ్యాక ఒకసారి కిందికి వచ్చి, ఏ తలుపు ఎవరి మాట వింటుందో చూసుకోండి.

ముందు, గేటు దగ్గరికి వచ్చినవారిని లోపలికి పంపాలా అని మీ ఫోన్‌లో అడిగే యాప్ సంగతి తేల్చుకోండి. మైగేట్ అయినా, నోబ్రోకర్‌హుడ్ అయినా, మీ ఫ్లాట్ కింద ఎవరెవరి నంబర్లు ఉన్నాయో ఆఫీసులో చదివించుకోండి. ఖాళీ చేసి వెళ్లినవారి నంబరు తీసేయకపోతే, మీ ఇంటికి వచ్చిన మనిషిని పంపాలా వద్దా అని వాళ్లకూ కబురు వెళుతుంది. పోరు పడలేక వాళ్లు ‘సరే’ నొక్కేస్తారు. ఇంట్లో పెద్దవాళ్లకు యాప్ అంటగట్టకండి. ఇంటర్‌కామ్ మోగేలా పెట్టించండి. చుట్టాలు వస్తుంటే ముందే పాస్‌కోడ్ పంపితే, మామయ్యగారు ఎండలో నిలబడి తానెవరో వాచ్‌మన్‌కు చెప్పుకునే అవస్థ తప్పుతుంది.

కారు అద్దానికి అంటించే ట్యాగ్ బండినే గుర్తుపడుతుంది, నడిపేది ఎవరో దానికి అనవసరం. కారు అమ్మేటప్పుడు దాన్ని రద్దు చేయించండి. తలుపు కార్డులదీ అదే లెక్క. 125 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే పాత రకం కార్డుల్లో సాధారణంగా ఒక నంబరు తప్ప ఏమీ ఉండదు, చవక పరికరంతో నకలు తీసేయవచ్చు. కార్డు పోతే కొత్తది తీసుకుని ఊరుకోకండి. పాత నంబరు తీసేశారో లేదో కంప్యూటర్‌లో చూపించమనండి.

అసలు పట్టించుకోవలసింది బ్లాకు తలుపును. మా దగ్గర ఉన్నది అయస్కాంతపు తాళం. కరెంటు ఉన్నంతసేపే పట్టు. కరెంటు పోయి, బ్యాటరీ కూడా అయిపోతే తలుపు దానంతటదే వదిలేస్తుంది. దీన్ని లోపమని ఫిర్యాదు చేసేవారున్నారు. మంటలు లేచినప్పుడు ప్రాణాలు కాపాడే గుణం అదే. ఫైర్ అలారం మోగగానే తాళం వదలాలి. లోపలి నుంచి బయటికి వెళ్లడానికి కార్డు అవసరం ఉండకూడదు, తలుపు పక్కన అత్యవసర బటన్ ఉండాలి. వీటిని ఫైర్ డ్రిల్ రోజున మీ కళ్లతో చూడండి. దొంగల భయమని మెట్లదారికి తాళం బిగించే అసోసియేషన్లు ఉన్నాయి. ఆ తాళం దొంగకన్నా ముందు మన పిల్లలనే ఆపుతుంది. అలాంటిచోట గొడవ పడండి, మర్యాద చూసుకోకండి.

గిన్నెలు తోమి తోమి వేళ్లు అరిగిన పనిమనిషికి వేలిముద్ర యంత్రం ఒక్కోసారి పలకదు. ఆమెను రోజూ గేటు దగ్గర నిలబెట్టకుండా కార్డు ఇప్పించండి.

ఇక గార్డులు. 2005 నాటి చట్టం ప్రకారం వారిని పంపే ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి. అది అసోసియేషన్ చూసుకోవలసిన పని. మీరు మాత్రం రాత్రి కాపలా మనిషిని ఒక ప్రశ్న అడగండి: ‘‘రెండింటికి 108 బండి వస్తే ఏమి చేస్తావు బాబూ?’’ ముందు గేటెత్తి, పెద్ద లిఫ్టును కిందికి దించి పెడతానంటే సరే. యాప్‌లో అనుమతి వచ్చేదాకా ఆపుతానన్నాడా, తెల్లవారగానే సెక్రటరీ తలుపు తట్టండి.