ఒకేసారి పంపిన రికార్డులు డేటాబేస్‌కు సరిగా చేరకపోతే: సమస్య - పరిష్కారం

గుంటూరు మిర్చి యార్డులోని ఒక కమీషన్ కొట్టులో రోజువారీ లాట్లను వెబ్ పేజీలో నమోదు చేస్తారనుకుందాం. ఒక్కో వరుసలో రైతు పేరు, ఊరు, రకం, టిక్కీలు (మిర్చి బస్తాలు), బరువు, ధర వంటి ఎనిమిది గడులుంటాయి; గుమస్తా వరుసలన్నీ నింపి ఒక్కసారే సేవ్ నొక్కితే, సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ స్క్రిప్ట్ వాటిని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ పట్టికలో చేర్చాలి. తేడా వచ్చినప్పుడు చాలామంది పట్టికలో వరుసను చేర్చే ఇన్సర్ట్ వాక్యాన్నే ముందు అనుమానిస్తారు గానీ, స్క్రిప్ట్‌కు అసలు ఏమేమి అందాయో ప్రింట్ చేసి చూడటం అంతకన్నా ముందు చేయవలసిన పని.

సమస్య: చివరి వరుస మాత్రమే చేరుతోంది.
ఒకే పేరుతో వచ్చిన విలువల్లో పీహెచ్‌పీ చివరిదాన్నే ఉంచుకుంటుంది. గడి పేరు చివర చదరపు బ్రాకెట్లు చేరిస్తే అన్నీ అరేగా, అంటే విలువల జాబితాగా అందుతాయి.

సమస్య: అన్నీ చేరాయి, కానీ ఒకరి చెల్లింపు మరొకరి ఖాతాలో పడింది.
ఎర్రర్ ఏదీ రాదు కనుక వీటన్నిటిలోకీ ఇదే ప్రమాదకరం. టిక్ పెట్టని చెక్‌బాక్స్‌ను బ్రౌజర్ అసలు పంపదు. మూడో, ఐదో వరుసల్లో మాత్రమే ‘చెల్లించాం’ అని టిక్ పెట్టారనుకోండి. బ్రాకెట్లు ఖాళీగా ఉన్నందున ఆ రెండు విలువలూ అరేలో మొదటి, రెండో స్థానాల్లోకి జరిగిపోయి, తేజ రకం తెచ్చిన మూడో రైతుకు ఇచ్చిన సొమ్ము మొదటి రైతు పేరున నమోదవుతుంది. బ్రాకెట్లలో వరుస సంఖ్యను స్పష్టంగా రాయాలి. ఆ సంఖ్యకు టిక్ విలువ రాకపోతే చెల్లించనట్టుగా స్క్రిప్ట్ లెక్కించాలి.

సమస్య: మామూలు రోజుల్లో బాగానే ఉంది, సీజన్‌లో చివరి వరుసలు మాయమవుతున్నాయి.
పీహెచ్‌పీలో ఒకసారికి ఎన్ని విలువలు తీసుకోవాలో చెప్పే మాక్స్ ఇన్‌పుట్ వార్స్ (max_input_vars) అనే పరిమితి సాధారణంగా 1000 ఉంటుంది. పైన తేదీ, కొట్టు నంబరు రెండు గడులు పోగా, ప్రతి వరుసలో ఎనిమిది గడులూ వస్తే 124 వరుసలు పూర్తిగా వస్తాయి, 125వ వరుసలో ఆరు గడులే వస్తాయి, మిగతావి రాలిపోతాయి. సర్వర్ లాగ్‌లో ఒక వార్నింగ్ తప్ప వేరే ఆనవాలు ఉండదు. స్క్రిప్ట్ మొదలయ్యేసరికే విలువల విభజన ముగిసిపోతుంది కనుక ఈ పరిమితిని స్క్రిప్ట్ లోపల రాసే ఇనీ సెట్ (ini_set)తో పెంచలేము, పీహెచ్‌పీ ఇనీ (php.ini) వంటి సెట్టింగుల ఫైలులోనే మార్చాలి. వరుసలన్నిటినీ ఒకే జేసన్ (JSON) పాఠంగా పంపడం నా దృష్టిలో ఇంకా మేలు.

సమస్య: సగం చేరాక ఎర్రర్ వచ్చి ఆగింది, లేదా చాలాసేపు పడుతోంది.
ఈ రెండింటికీ మందు ఒక్కటే. విడివిడి ఇన్సర్ట్‌లలో ప్రతిదీ తనంతట తాను కమిట్ (ఖాయం) అవుతుంది, ప్రతిసారీ డిస్క్‌కు రాయవలసి వస్తుంది. విలువల చోట్లు ఖాళీగా ఉంచిన ఇన్సర్ట్ వాక్యాన్ని, అంటే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌ను, వరుసలను ఒక్కొక్కటిగా చేర్చే లూప్ బయట ఒక్కసారే తయారుచేసి, లూప్ మొత్తాన్ని అన్నీ చేరాలి లేదా ఏదీ చేరకూడదు అనే ఒక ట్రాన్సాక్షన్‌లో ఉంచి, తప్పు వస్తే రోల్‌బ్యాక్ చేయాలి, అంటే చేరినవన్నీ వెనక్కి తీసేయాలి. మైఎస్‌క్యూఎల్‌లో పట్టిక ఇన్నోడీబీ (InnoDB) రకానిదో కాదో చూసుకోండి. పాత మైఐసామ్ (MyISAM) రకం పట్టికల్లో రోల్‌బ్యాక్ పనిచేయదు.

సమస్య: తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారాయి.
పట్టికకూ కనెక్షన్‌కూ రెండింటికీ యూటీఎఫ్8ఎంబీ4 (utf8mb4) అనే అక్షర సంకేత పద్ధతి పెట్టాలి. అప్పటికే ప్రశ్నార్థకాలైనవి తిరిగి రావు, మళ్లీ నమోదు చేయవలసిందే.

సమస్య: పేజీ రీఫ్రెష్ చేస్తే లాట్లు రెండుసార్లు పడుతున్నాయి.
సేవ్ అయ్యాక వేరే పేజీకి మళ్లించాలి; తేదీ, కొట్టు నంబరు, లాట్ నంబరు కలిపి, ఒకే విలువలు రెండోసారి చేరనివ్వని యూనిక్ కీ పెట్టాలి. డూప్లికేట్ వచ్చినా ఎర్రర్ ఇవ్వకుండా సాగిపోయే ఇన్సర్ట్ ఇగ్నోర్‌తో సరిపెట్టుకోకండి. అది డూప్లికేట్లతో పాటు చెల్లని విలువల ఎర్రర్లను కూడా వార్నింగ్‌లుగా మార్చి దాటవేస్తుంది.